ఆఖరి సెమిస్టరు నుంచి మొదటి జీతం దాకా: ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

బీటెక్ గానీ డిగ్రీ గానీ ముగిస్తున్న విద్యార్థి ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న "ఉద్యోగం వచ్చిందా" అన్నదే. ఆఖరి పరీక్ష రాసిన రోజుకూ మొదటి జీతం ఖాతాలో పడే రోజుకూ మధ్య ఎంత కాలం గడుస్తుంది, అంతవరకు ఖర్చు ఎవరు భరిస్తారు, ఏ కాగితం చేతిలో లేక ఏ అవకాశం జారిపోతుంది అని ఆలోచించేవారు తక్కువ. క్యాంపస్ ఎంపికల్లో ఆఫర్ లెటర్ అందుకున్నవారికి కూడా ఈ కాలం కొన్ని నెలలు ఉంటుంది. కంపెనీలు చేరిక తేదీని వాయిదా వేస్తూ పోయినప్పుడు అది ఏడాది దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చదువుకుంటూ, వెనుక చెప్పుకోదగ్గ ఆస్తి లేని కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలను దృష్టిలో పెట్టుకొని, ఈ మధ్య కాలానికి ఎలా సిద్ధపడాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పనులన్నీ ఆఖరి సెమిస్టరు మొదట్లోనే, కాలేజీ ఆఫీసుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

కాగితాలు, వాటి మీద పేరు

అన్నిటికన్నా ముందు సరిచూసుకోవలసింది మార్కులు కావు, పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో అది పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది, పాన్ కార్డులో పేరు చివరికి చేరుతుంది, బ్యాంకు పాసు పుస్తకంలో అసలు లేకుండానే పోవచ్చు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట 'కె, ఎస్, హెచ్' అక్షరాలతో, మరోచోట 'ఎక్స్' అక్షరంతో రాయించుకున్న ఆడపిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. చదువుకున్నన్నాళ్లూ దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగంలో చేరగానే తేడా బయటపడుతుంది, ఎందుకంటే భవిష్యనిధి (పీఎఫ్) కోసం ఉద్యోగికి ఇచ్చే 12 అంకెల ఖాతా సంఖ్య, అంటే యూఏఎన్, ఆధార్ వివరాల మీదే ఆధారపడుతుంది, సర్టిఫికెట్లను సరిచూసే సంస్థ మాత్రం పదో తరగతి మెమోను ప్రమాణంగా తీసుకుంటుంది. నా మొదటి ఉద్యోగంలో ఒక్క ఇంగ్లీషు అక్షరం తేడా వల్ల పీఎఫ్ ఖాతా నాలుగు నెలలు కదలలేదు. ఆ నాలుగు నెలల్లో నేను పెట్టుకున్న సెలవులన్నీ అఫిడవిట్ల కోసమే ఖర్చయ్యాయి.

అందువల్ల పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో వాటినే మూలంగా తీసుకొని మొదట ఆధార్‌ను, ఆ తర్వాత పాన్‌ను, ఆపై బ్యాంకు ఖాతాను సరిచేయించుకోవాలి. ఈ వరుస ముఖ్యం. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీకి ఒక్కసారి మాత్రమే ఉంటుంది కాబట్టి, ఏ అక్షరాలు పెట్టించాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకొని వెళ్లాలి గానీ ఆధార్ కేంద్రంలో నిలబడి అప్పటికప్పుడు నిర్ణయించకూడదు.

రెండోది కాలేజీ నుంచి తీసుకోవలసిన పత్రాల సంగతి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే సీఎంఎం, టీసీ, ప్రవర్తన ధ్రువపత్రం, వేరే రాష్ట్రంలో పైచదువు ఆలోచన ఉంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ చేతికి రావాలి. అసలు పట్టాను, అంటే ఓడీని, విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. ఒక్క సబ్జెక్టు మిగిలి ఉన్నా ప్రొవిజనల్ రాదు. సప్లిమెంటరీ పరీక్ష తేదీలు, ఫలితాలు మన చేతిలో ఉండవు కనుక ఉద్యోగ ప్రయత్నాల కన్నా ముందు ఆ బ్యాక్‌లాగ్ సంగతి తేల్చుకోవడమే తెలివైన పని.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివినవారికి ఇక్కడే పెద్ద చిక్కు వస్తుంది. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము కాలేజీకి రాలేదన్న కారణంతో, ఆ మొత్తాన్ని విద్యార్థే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి జరుగుతున్నదే. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కాలేజీలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా ప్రకటించింది. అయినా మౌఖికంగా వాదించినంత మాత్రాన పని జరగదు. ఆఖరి సెమిస్టరులోనే అకౌంట్స్ విభాగానికి వెళ్లి తన పేరు మీద ఏ ఏడాదికి ఎంత బకాయి చూపిస్తున్నారో రాతపూర్వకంగా తీసుకోవాలి, కట్టిన రసీదులన్నీ ఒకచోట పెట్టుకోవాలి, సర్టిఫికెట్ల కోసం ఇచ్చే దరఖాస్తు నకలు మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఉన్న కాగితం ఉంటేనే విశ్వవిద్యాలయానికి గానీ యూజీసీ వారి ఇ-సమాధాన్ పోర్టల్‌కు గానీ చేసే ఫిర్యాదుకు బలం వస్తుంది. విశ్వవిద్యాలయం మార్కుల మెమోలను ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల భాండాగారమైన డిజిలాకర్‌లో ఉంచిందేమో కూడా చూసుకోవాలి. అక్కడ జారీ అయిన పత్రానికి చట్టరీత్యా అసలు పత్రంతో సమాన విలువ ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాల ఆలోచన ఉన్నవారు మరికొన్ని సమకూర్చుకోవాలి. మన రాష్ట్రాల్లో బీసీ-ఏ నుంచి బీసీ-ఈ వరకు ఇచ్చే ధ్రువపత్రం కేంద్ర ఉద్యోగాలకు చెల్లదు. బ్యాంకు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షలకు కేంద్రం నిర్దేశించిన నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పే పత్రం, కావాలి, కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతను 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన చోటును బట్టి నిర్ణయిస్తారు. చిన్నప్పుడు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే బోనఫైడ్ కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది, ఆ తిరుగుడేదో సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చాక కాకుండా ఇప్పుడే పూర్తి చేసుకోవడం మేలు.

విద్యారుణం లెక్క

రుణం తీసుకున్న కుటుంబాల్లో చాలామందికి నెలవారీ వాయిదా ఎప్పుడు మొదలవుతుందో తెలుసు, అప్పటికి అప్పు ఎంతకు చేరుతుందో తెలియదు. ఉదాహరణకు ఏటా ఫీజు కట్టే ముందు లక్ష రూపాయల చొప్పున నాలుగేళ్లలో 4 లక్షలు తీసుకున్నారనీ, వడ్డీ 10 శాతం అనీ అనుకుందాం. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో సాధారణంగా కోర్సు కాలంతో పాటు మరో ఏడాది మారటోరియం ఉంటుంది, ఆ కాలంలో వాయిదా కట్టనక్కర లేదు గానీ సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి లక్ష మీద ఐదేళ్ల వడ్డీ 50 వేలు, రెండో లక్ష మీద 40 వేలు, మూడో దాని మీద 30 వేలు, నాలుగో దాని మీద 20 వేలు, మొత్తం 1,40,000 రూపాయలు. ఈ వడ్డీ అసలులో కలిసిపోయి వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 5,40,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు కట్టాలి. అదే వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చి ఉంటే వాయిదా 5,290 దగ్గర ఆగేది.

నాలుగేళ్లూ వడ్డీ కట్టలేకపోయినవారు కనీసం చదువు ముగిసిన తర్వాతి ఏడాదిలోనైనా మొదలుపెట్టాలి. పై ఉదాహరణలో ఆ ఏడాది వడ్డీ నెలకు 3,333 రూపాయలు మాత్రమే. మారటోరియం కాలమంతా వడ్డీ కడుతూ వచ్చినవారికి కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం తగ్గింపు కూడా ఇస్తాయి. ఈ విషయాలన్నీ మంజూరు పత్రంలో ఉంటాయి. ఆ పత్రం ఇంట్లో ఎక్కడుందో వెతికి, ఒకసారి పూర్తిగా చదివి, అర్థం కానిది బ్యాంకులో అడగాలి. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి అర్హమైన వృత్తి, సాంకేతిక కోర్సు చదివినవారికి మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఒకటుంది. అది మీ ఖాతాకు వర్తించిందా, క్లెయిమ్ పంపారా అని రుణం ఇచ్చిన శాఖలోనే కనుక్కోవాలి.

వాయిదా కట్టలేని పరిస్థితి వస్తే ఫోన్ ఎత్తకుండా ఉండడం అన్నిటికన్నా చెడ్డ మార్గం. ముందే శాఖకు వెళ్లి కాలపరిమితి పెంచమని అడిగితే ఇచ్చే వీలుంటుంది. ఎగవేత నమోదైతే అది విద్యార్థికే పరిమితం కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి లేదా తల్లి క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది. పైగా బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో రుణ చరిత్ర సక్రమంగా ఉండాలన్న షరతు ఉంటుంది. చదువు కోసం తీసుకున్న అప్పే చదివి సంపాదించిన ఉద్యోగానికి అడ్డుపడితే అంతకన్నా బాధాకరం ఏముంటుంది.

ప్యాకేజీ వేరు, చేతికి వచ్చేది వేరు

ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ అనగానే నెలకు 30 వేలు అని ఇంట్లో లెక్క వేసుకుంటారు. ఆఫర్ లెటర్ చివర ఉండే జీతాల పట్టికను విడదీసి చూడాలి. నెలకు 30 వేలలో మూలవేతనం 15 వేలు అనుకుంటే, కంపెనీ వాటాగా పీఎఫ్‌కు వెళ్లే 12 శాతం, అంటే 1,800 రూపాయలు, ఆ 30 వేలలోనే కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ కింద 720, ఆరోగ్య బీమా ప్రీమియం కింద 480, పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే మొత్తం కింద 2,000 చూపించారంటే, నెలవారీ జీతంగా మిగిలేది 25 వేలు. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తిపన్ను 200 పోతే చేతికి వచ్చేది 23 వేలు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సేవాకాలాన్ని బట్టి ఇచ్చే మొత్తం, సాధారణంగా శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు పనిచేశాకే అందుతుంది. ఆదాయపు పన్ను గురించి మాత్రం ఈ జీతానికి దిగులు అక్కర లేదు, 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు, జీతగాళ్లకు 75 వేల ప్రామాణిక తగ్గింపు అదనం.

అదే పత్రంలో బాండు షరతు ఉందేమో చూడాలి. రెండేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలన్న నిబంధన చెల్లదులే అని స్నేహితులు ధైర్యం చెబుతుంటారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకుండా వెళ్లిపోతే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీని అర్థం కాదు గానీ చదవకుండా సంతకం పెట్టదగిన కాగితం మాత్రం కాదు. అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర పెట్టుకుంటామనే యజమాని దగ్గర చేరేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

మొదటి రెండు నెలల డబ్బు

నెల మధ్యలో చేరినవారికి ఆ నెల జీతం మరుసటి నెల జీతంతో కలిపి ఇవ్వడం చాలాచోట్ల రివాజు. అంటే హైదరాబాద్‌కో బెంగళూరుకో వచ్చి దిగిన రోజు నుంచి నెలన్నర పాటు చేతి డబ్బుతోనే గడవాలి. మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట ఎక్కడైనా హాస్టల్‌లో చేరేటప్పుడు నెల అద్దె ముందుగా కట్టాలి, అడ్వాన్సు వేరుగా ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు దానిలోంచి నిర్వహణ ఖర్చు పేరుతో కొంత కోస్తారు. బట్టలు, ప్రయాణాలు, కొన్ని కంపెనీల్లో వైద్య పరీక్ష, ల్యాప్‌టాప్ మరమ్మతు వంటివి కలుపుకొంటే ఒక మనిషికి 30 నుంచి 35 వేలు దగ్గర పెట్టుకొని బయలుదేరడం క్షేమం. ఆఖరి సంవత్సరంలో ట్యూషన్లు చెప్పి గానీ ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ దాచి గానీ ఇందులో సగమైనా కూడబెట్టగలిగితే తల్లిదండ్రులు ఆ సమయంలో కొత్త అప్పు చేయనవసరం ఉండదు. ఐదు నిమిషాల్లో డబ్బు ఇస్తామనే లోన్ యాప్‌ల జోలికి ఈ సమయంలోనే చాలామంది వెళ్తారు. వెళ్లవద్దని చేతులెత్తి కోరుతున్నాను.

జీతం మొదలయ్యాక 23 వేలలో మొదటి ఏడాది చేయవలసిన పనులు నాలుగే. రుణం వడ్డీ లేదా వాయిదా జీతం పడిన రెండు మూడు రోజులకే ఖాతాలోంచి తీసుకునేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వడం, మూడు నెలల ఖర్చుకు సరిపడా మొత్తం పోగయ్యేదాకా రికరింగ్ డిపాజిట్ కట్టడం, పీఎఫ్ ఖాతాలో నామినీ పేరు నమోదు చేయడం, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో కనుక్కోవడం. కంపెనీ బీమా ఉద్యోగం ఉన్నంతవరకే పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. పెట్టుబడుల సంగతి ఆ తర్వాత. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలోకి స్నేహితులు లాగితే ఒక్క సంఖ్య చాలు: 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగతంగా అందులో దిగినవారిలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో వెల్లడించింది.

మన ఊళ్లలో మరో రెండు ఒత్తిళ్లు ఉంటాయి. ఉద్యోగం వచ్చిందని తెలియగానే బంధువుల్లో ఒకరు పొదుపు పాలసీ తెస్తారు, మరొకరు చీటీలో చేరమంటారు లేదా తాము పాడుకున్న చీటీకి ష్యూరిటీ సంతకం అడుగుతారు. రిజిస్టర్ కాని చీటీలో కట్టిన డబ్బుకు రక్షణ ఉండదు. ష్యూరిటీ సంతకం పెట్టామంటే, వాళ్లు కట్టకపోతే మన జీతంలోంచి కట్టవలసి వస్తుంది. "ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను బాబాయ్, చదువు అప్పు తీరేదాకా సంతకాలు పెట్టలేను" అని మొదటిసారే చెప్పగలిగితే బంధుత్వమూ నిలుస్తుంది, జీతమూ నిలుస్తుంది.

ఉద్యోగమా, పోటీ పరీక్షలా

ఈ ప్రశ్నకు అందరికీ పనికివచ్చే జవాబు లేదు, అయితే గడువు లేకుండా పోటీ పరీక్షలకు కూర్చోవడం మాత్రం తప్పు. చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో, బ్యాంకు కోచింగ్‌కు పేరుపడ్డ నంద్యాలలో, డీఎస్సీ కోచింగ్‌కు పేరుపడ్డ అవనిగడ్డలో ఏళ్లు గడిపినవారి కష్టం చిన్నది కాదు. కానీ నోటిఫికేషన్ల కాలం మన చేతిలో ఉండదు. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది, ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ జరిపితే హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన ఇచ్చి ఆ ఏడాది అక్టోబరులో మెయిన్స్ నిర్వహించారు. 2022లో పట్టా పుచ్చుకొని నేరుగా దీనికి కూర్చున్న యువకుడికి మెయిన్స్ రాసేసరికే రెండున్నరేళ్లు గడిచిపోయాయి, అందులో అతడి తప్పు ఏమీ లేదు.

కనుక ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, ఆ తర్వాత ఏమిటి అన్న మూడింటినీ మొదటే ఇంట్లోవారితో కూర్చొని నిర్ణయించుకోవాలి. ఏటా దాదాపు క్రమంగా వచ్చే ఐబీపీఎస్ (ప్రభుత్వరంగ బ్యాంకుల ఉద్యోగాలకు), ఎస్‌ఎస్‌సీ పరీక్షలను గ్రూప్స్ ప్రిపరేషన్‌తో జతచేసుకోవడం ఒక పద్ధతి. ఐబీపీఎస్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు సాధారణ అభ్యర్థుల వయోపరిమితి 20 నుంచి 30 ఏళ్లు, క్లర్కుకు 28 ఏళ్ల వరకే కాబట్టి, వాటిని "తర్వాత చూద్దాం" అని వదిలేయకూడదు. ఏడాది ఉద్యోగం చేసి, రుణం ఒక దారికి తెచ్చి, ఆపై ప్రిపరేషన్‌కు దిగినవారు తక్కువ భయంతో చదువుతారని నా నమ్మకం.

ప్రైవేటు ఉద్యోగం వైపు వెళ్లేవారికి కావలసినది రెజ్యూమె ఒక్క పేజీ, దానిలో రాసిన ప్రతి మాటకూ ఐదు నిమిషాలు మాట్లాడగలిగే సిద్ధత. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవారు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చిన్నదైనా సొంతంగా చేసినది, ఎక్కడ తప్పు వచ్చింది, ఎలా సరిదిద్దాను అని చెప్పగలిగినది మేలు. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు గురించి పడే భయానికి మందు, తన ప్రాజెక్టు గురించి రోజూ పది నిమిషాలు బయటికి మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకొని వినడమే. మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. క్యాంపస్‌లో అవకాశం రానివారు జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ప్రభుత్వరంగ సంస్థలు, కర్మాగారాలు కొత్త పట్టభద్రులను ఏడాది పాటు శిక్షణకు తీసుకుంటాయి, స్టైపెండ్‌లో కొంత భాగం కేంద్రం భరిస్తుంది, దక్షిణాది రాష్ట్రాలకు దీన్ని చెన్నైలోని శిక్షణ బోర్డు చూస్తుంది.

డబ్బు అడిగే ఉద్యోగాలు

ఖాళీగా గడిచే నెలలు పెరిగేకొద్దీ "లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అనే కన్సల్టెన్సీలు దగ్గరవుతాయి. కొన్ని అసలు ఉద్యోగమే ఇవ్వవు, కొన్ని మూడేళ్ల దొంగ అనుభవ పత్రం చేతిలో పెడతాయి. పీఎఫ్ ఖాతాలో ఏ తేదీ నుంచి ఏ సంస్థలో పనిచేశారో వరుసగా నమోదై ఉంటుంది కాబట్టి ఆ పత్రం పరిశీలనలో నిలబడదు. చేరాక ఆరు నెలలకు తేలినా ఉద్యోగం పోతుంది, ఇచ్చిన లక్షన్నర రాదు. రిజిస్ట్రేషన్, శిక్షణ, ల్యాప్‌టాప్ డిపాజిట్ ఏ పేరుతో అడిగినా, ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోవాలి. బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును కమీషన్ కోసం వాడుకోనివ్వమని అడిగేవారు మరింత ప్రమాదకరం, ఆ ఖాతాలోకి సైబర్ మోసాల సొమ్ము వస్తుంది, పోలీసులు వచ్చేది మాత్రం ఖాతాదారు ఇంటికి. పొరపాటున డబ్బు పోతే గంటల్లోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారన్న భయంతో రెండు రోజులు దాచిపెట్టడం వల్లే చాలామంది ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటున్నారు. అందుకని తల్లిదండ్రులకు కూడా ఆ నంబరు ఇప్పుడే చెప్పి ఉంచండి.